ఇంట్లో అవాంతరం, చేతిలో అనువాదం: ఫ్రీలాన్సర్ గడువు నిలబెట్టుకునే పద్ధతి

ఇంటి నుంచి అనువాదాలు చేసేవాళ్ల పనికి అడ్డం పడేవి ఏడాది పొడవునా దాదాపు అవే. పిల్లలకు జ్వరం, పెద్దవాళ్లకు ఆసుపత్రి, దగ్గరి బంధువుల ఇంట్లో పెళ్లి, తుపాను, కరెంటు, పాడైన లాప్‌టాప్. ఏది ఏ రోజు వస్తుందో చెప్పలేం గానీ, ఏడాదిలో కొన్నిసార్లు వచ్చి తీరతాయని మాత్రం ఖాయంగా చెప్పొచ్చు. అయినా తేదీ ఒప్పుకునేటప్పుడు చాలామంది ఇవేవీ ఉండవన్నట్టే లెక్క వేస్తారు. గడువు తప్పడం జ్వరం వచ్చిన రోజున మొదలవదు. తేదీ ఒప్పుకున్న రోజునే మొదలై, క్లయింటుకు చెప్పాల్సిన మాట చెప్పకుండా గడిపిన గంటల్లో ముదురుతుంది.

ఇక్కడి లెక్కలన్నీ ఇంగ్లీషు నుంచి తెలుగులోకి అనువదించే ఫ్రీలాన్సర్లకు సరిపోయేవి. సబ్‌టైటిళ్లు, కంటెంట్ రచన, డీటీపీ (అచ్చుకు పేజీలు అమర్చే పని) చేసేవాళ్లు అంకెలు మార్చుకుంటే పద్ధతి వాళ్లకూ పనికొస్తుంది.

1. మీ వేగం ఎంతో కాగితం మీద పెట్టండి

"రోజుకు రెండు వేల పదాలు చేస్తాను" అనేది ఈ రంగంలో అందరి నోటా వినిపించే మాట. అది మంచి రోజున, అలవాటైన విషయంలో, రివిజన్ (తిరిగి చదివి దిద్దుకోవడం) కలపకుండా చెప్పే అంకె. మీ అసలు అంకె తెలియాలంటే రెండు వారాలు లెక్క రాయండి. ప్రతి ఫైలుకూ సోర్స్ (మూల ఇంగ్లీషు) పదాలు ఎన్ని, ఏ రకం టెక్స్ట్, మొదటి అనువాదానికి ఎన్ని గంటలు, మీ రివిజన్‌కు ఎన్ని, సందేహాలు అడగడానికీ ఫైలు సర్దడానికీ ఎంత పట్టింది అనేవి విడివిడిగా రాయాలి. కుర్చీలో కూర్చున్న సమయం కాదు, పని జరిగిన సమయం రాయండి.

ఒక ఉదాహరణ చూడండి. 9,000 పదాల యూజర్ మాన్యువల్ వచ్చిందనుకుందాం. గంటకు 300 పదాల చొప్పున అనువాదానికి 30 గంటలు. గంటకు 1,000 పదాల చొప్పున రివిజన్‌కు 9 గంటలు. ముందుగా చదవడం, గ్లాసరీ (పదాల పట్టిక), సందేహాలు కలిపి 2 గంటలు. చివరి తనిఖీ, డెలివరీకి గంటన్నర. మొత్తం 42.5 గంటలు. ఇల్లు చూసుకుంటూ పనిచేసేవారికి నికరంగా దొరికేది రోజుకు 5 గంటలు. చిన్నపిల్లలుంటే 3 లేదా 4. రోజుకు 5 గంటలంటే ఎనిమిదిన్నర పనిదినాలు. దీనికి నాలుగో వంతు అవాంతరాల కోసం కలపండి. దాదాపు 11 పనిదినాలు. "రోజుకు రెండు వేలు" లెక్క ప్రకారం ఇదే పనికి ఐదు రోజులు ఒప్పుకుంటారు. ఐదుకూ పదకొండుకూ ఉన్న తేడాయే రాత్రిళ్లు మేలుకోవడానికి కారణం.

టెక్స్ట్ రకాన్ని బట్టి వేగం బాగా మారుతుంది. ఒప్పంద పత్రాలు, కోర్టు కాగితాలు గంటకు 200 నుంచి 250 పదాల కంటే ముందుకు సాగవు. ప్రకటనల వాక్యాలను పదాల్లో లెక్కపెట్టడమే తప్పు. వాటికి గంటల చొప్పునే తేదీ చెప్పాలి. మెషీన్ అనువాదాన్ని సరిదిద్దే పని గంటకు 600 పదాలు నడుస్తుందని ఏజెన్సీలు ఆశిస్తాయి. కానీ నలభై పదాల ఇంగ్లీషు వాక్యాన్ని మెషీన్ ఒకే తెలుగు వాక్యంగా పేర్చి, క్రియను ఎక్కడో చివరికి తోసినప్పుడు దాన్ని సరిదిద్దడం కంటే కొత్తగా రాయడమే సులువు. ఒప్పుకునే ముందు ఫైలు మధ్య నుంచి ఓ 200 పదాలు తీసుకుని చేసి చూడండి. మొదటి పేజీ చూసి అంచనా వేయొద్దు, అది ఎప్పుడూ తేలిగ్గానే ఉంటుంది.

యాప్ స్ట్రింగులది (తెర మీద కనిపించే చిన్న చిన్న వాక్యాలది) వేరే చిక్కు. పదాలు తక్కువ, సందేహాలు ఎక్కువ. వేరియబుల్ (పేరో అంకెనో వచ్చి చేరే ఖాళీ) పక్కన విభక్తి అతకాల్సిన చోట ఆ వేరియబుల్‌లో వచ్చేది మనిషి పేరా, ఊరి పేరా, అంకెనా తెలియకపోతే "కి" పెట్టాలో "కు" పెట్టాలో తేలదు, వాక్యమే మార్చి రాయాల్సి వస్తుంది. ఇలాంటివి 500 స్ట్రింగుల్లో 40 ఉన్నా, క్లయింట్ జవాబు కోసం రెండు రోజులు పోతాయి. ఆ రెండు రోజులు మీ లెక్కలో ముందే ఉండాలి.

లెక్క సోర్స్ పదాల మీదేనని కూడా రాతలో ఖాయం చేసుకోండి. విభక్తులూ ప్రత్యయాలూ తెలుగులో మాటకే అతుక్కుంటాయి కాబట్టి తెలుగు పదాల సంఖ్య ఇంగ్లీషు కంటే తక్కువ వస్తుంది. టార్గెట్ (తెలుగు) పదాల మీద లెక్క వేస్తే డబ్బుతో పాటు రోజుల అంచనా కూడా తప్పుతుంది.

2. తేదీ ఒప్పుకునేటప్పుడు అడగాల్సినవి

"ఈవోడీకి కావాలి" అని మెయిల్ వస్తే, ఎవరి ఈవోడీ (రోజు పని ముగిసే వేళ) అని అడగండి. న్యూయార్క్‌లో సాయంత్రం 5 గంటలంటే మనకు చలికాలంలో మర్నాడు తెల్లవారుజామున 3:30, వాళ్ల వేసవి సమయంలో 2:30. లాస్ ఏంజెలెస్‌లో అదే 5 గంటలు మనకు ఉదయం 6:30 లేదా 5:30. లండన్‌లో 5 అంటే రాత్రి 10:30 లేదా 9:30. అమెరికా గడియారాలు మార్చి రెండో ఆదివారం, నవంబర్ మొదటి ఆదివారం మారతాయి. బ్రిటన్‌వి మార్చి చివరి ఆదివారం, అక్టోబర్ చివరి ఆదివారం మారతాయి. మార్చిలో ఆ రెండు మూడు వారాలు గంట తేడాతో పొరబడేవాళ్లు ఎక్కువ. క్యాలెండర్‌లో ప్రతి గడువునూ భారత సమయంలోనే రాసుకోండి. మెయిల్‌లో మీరు ఖాయం చేసేటప్పుడు రెండు సమయాలూ రాయండి.

అడగాల్సిన రెండో ప్రశ్న: ఫైలు అందాక దానితో ఏం చేస్తారు? రివ్యూయర్ (అనువాదాన్ని సరిచూసే మనిషి) చదువుతారా, డీటీపీకి వెళ్తుందా, ప్రెస్సుకు వెళ్తుందా, అదే రోజు విడుదలవుతుందా? టెండరు, కోర్టు వాయిదా, పత్రికా ప్రకటన అయితే ఆ తేదీ కదలదు. రివ్యూయర్ వచ్చే బుధవారం గానీ మొదలుపెట్టరు అనుకుంటే సోమవారం అన్న తేదీలో కొంత వెసులుబాటు ఉన్నట్టే. ఈ సంగతి అవాంతరం వచ్చాక అడిగితే సాకులా వినిపిస్తుంది. పని తీసుకునేటప్పుడు అడిగితే వృత్తి తెలిసిన మనిషి అడిగినట్టు ఉంటుంది.

శుక్రవారం సాయంత్రం గడువు అన్నప్పుడల్లా "సోమవారం ఉదయం 10కి అందితే సరిపోతుందా" అని అడగండి. చాలాసార్లు సరేనంటారు, ఎందుకంటే శుక్రవారం రాత్రి వచ్చిన ఫైలును సోమవారం దాకా తెరిచేవాళ్లు తక్కువ. అయితే దొరికిన శని, ఆదివారాలను పనిదినాలుగా లెక్కలో కలిపేస్తే అడిగిన ప్రయోజనమే పోతుంది. మీ సొంత గడువు శుక్రవారమే. ఆ రెండు రోజులూ అవాంతరం కోసం పక్కన పెట్టినవి.

డీటీపీకి వెళ్లే పని అయితే యూనికోడ్‌లో కావాలా, డీటీపీవాళ్లు వాడే పాత తరహా అను ఫాంట్లలో కావాలా అన్నది మొదటే తేల్చుకోండి. యూనికోడ్ నుంచి అను ఫాంట్లకు మార్చేటప్పుడు వత్తులు, అంకెలు, విరామ చిహ్నాలు అక్కడక్కడా చెడతాయి. మార్చిన తర్వాత మళ్లీ ప్రూఫ్ చూడాలి. 60 పేజీల పుస్తకానికి ఇది ఒక పూర్తి రోజు. ఈ రోజును ఎవరూ లెక్కలో వేసుకోరు, సరిగ్గా చివరి రోజునే అది బయటపడుతుంది.

తేదీ ఖాయం చేసే మెయిల్‌లో మూడు వాక్యాలు తప్పకుండా ఉంచండి. తుది ఫైళ్లన్నీ అందిన రోజు నుంచి గడువు మొదలవుతుంది. మధ్యలో సోర్స్ మారితే తేదీ మళ్లీ మాట్లాడుకోవాలి. ఏ కారణం చేతనైనా పని మధ్యలో ఆపాల్సివస్తే, పూర్తయిన భాగానికి డబ్బు చెల్లించాలి. ఫైళ్లు రెండు రోజులు ఆలస్యంగా వస్తే అవి వచ్చిన రోజునే "తేదీ కూడా రెండు రోజుల తర్వాతికి జరుగుతుంది" అని రాసేయండి. అప్పుడు మొహమాటపడి ఊరుకుంటే ఆ ఆలస్యం మీ ఖాతాలో పడుతుంది.

3. మన ఏడాదిని బట్టి పని తీసుకోవడం

గోడ మీది పంచాంగం క్యాలెండర్‌నూ పని క్యాలెండర్‌నూ పక్కపక్కన పెట్టుకోండి. భోగి నుంచి ముక్కనుమ దాకా నాలుగు రోజులు, తెలంగాణలో బతుకమ్మ మొదలైన దగ్గర్నుంచి దసరా దాకా, వినాయక చవితి, శ్రావణంలో వ్రతాలూ పెళ్లి ముహూర్తాలూ, వేసవి సెలవుల్లో పిల్లలు రోజంతా ఇంట్లో ఉండే వారాలు, జూన్‌లో బడులు తెరిచే వారం, ఇంట్లో పదో తరగతి పిల్లలుంటే పరీక్షల నెల. ఇవన్నీ ముందే తెలిసినవి. శుభలేఖలో పెళ్లి ఒకరోజే ఉంటుంది. మీ పనిలోంచి పోయేది మాత్రం ప్రయాణంతో కలిపి నాలుగు రోజులు. శుభలేఖ అందిన రోజునే ఆ నాలుగూ క్యాలెండర్‌లో కొట్టేయండి.

క్లయింట్ల ఏడాది కూడా చూసుకోవాలి. ఆర్థిక సంవత్సరం ముగిసే మార్చిలో మన కంపెనీలు, సంస్థలు బడ్జెట్ ఖర్చుపెట్టడానికి పనులు కుమ్మరిస్తాయి. విదేశీ ఏజెన్సీలు డిసెంబర్ మూడో వారంలో సెలవులకు వెళ్తూ జనవరి మొదట్లో కావాలని ఫైళ్లు పంపుతాయి. ఆ పని కాస్త జారితే నేరుగా సంక్రాంతి మీద పడుతుంది. డిసెంబర్‌లో వచ్చిన పనికి జనవరి 10 నుంచి 20 దాకా ఉన్న తేదీ ఒప్పుకోకండి. 9లోపు అయినా, లేదంటే 20 తర్వాత అయినా ఖాయం చేసుకోండి.

మామూలు నెలల్లో సైతం మీ గంటల్లో మూడింట రెండు వంతులకే పని ఒప్పుకోండి. నెలకు 100 గంటలు దొరికేవారు 65 గంటలకు మించి తేదీలు ఇవ్వకూడదు. మిగతా 35 వృథా పోవు. అర్జెంటు పనులు వస్తాయి, వాటికి రేటు ఎక్కువ అడగొచ్చు. ఏవీ రాకపోతే తర్వాతి పనిని ముందుకు లాక్కోండి. ఆదాయం తగ్గుతుందన్న భయం సహజమే. కొత్తవాళ్లకు ఇది నిజంగానే కష్టం. వాళ్లు కనీసం ఒకే వారంలో రెండు పెద్ద గడువులు పడకుండా చూసుకుంటే సగం ప్రమాదం తప్పుతుంది.

4. ఎప్పుడు ఆగినా ఇవ్వదగ్గది చేతిలో ఉండాలి

మొదటిరోజు అన్ని ఫైళ్లూ తెరవండి. తెరుచుకోనివి, స్కాన్ చేసిన పీడీఎఫ్‌లు, బొమ్మల్లో ఇరుక్కున్న అక్షరాలు, మెయిల్‌లో చెప్పినదానికంటే ఎక్కువున్న పదాలు ఆ రోజే బయటపడాలి. సందేహాల పట్టిక మొదటి రెండు రోజుల్లోనే పంపండి. సందేహాలు ఏడో రోజున పంపితే జవాబు తొమ్మిదో రోజున వస్తుంది.

తర్వాతి నియమం చాలామంది అలవాటుకు విరుద్ధం. మొత్తం అనువదించి చివర్లో మొత్తం రివిజన్ చేయకండి. పనిని 1,000 నుంచి 1,500 పదాల ముక్కలుగా విడగొట్టి, ఒక్కో ముక్కను అనువాదం, మర్నాటి ఉదయం రివిజన్, సరిచూడటం పూర్తిచేసి "అయిపోయినవి" అనే ఫోల్డర్‌లోకి జరపండి. కారణం ఇదీ: ఎనిమిదో రోజున ఆసుపత్రికి వెళ్లాల్సివస్తే, ఈ పద్ధతిలో 9,000లో 6,500 పదాలు వెంటనే ఇవ్వదగ్గ స్థితిలో ఉంటాయి. పాత పద్ధతిలో 9,000 పదాల చిత్తుప్రతి ఉంటుంది. అందులో ఒక్క పేజీ కూడా ఇవ్వలేరు, ఇంకొకరి చేతిలో పెట్టనూ లేరు.

దీనిలో ఒక నష్టం ఉంది. ఏడో ముక్కలో ఒక పదం మార్చుకుంటే మొదటి ఆరింటిలోనూ మార్చాలి. అందుకని మారిన పదాల చిట్టా ఒకటి రాసుకుంటూ, చివర్లో ఒకేసారి వెతికి మార్చండి. కానీ తెలుగులో "అన్నీ ఒకేసారి మార్చు" బటన్ నొక్కడం ప్రమాదం. "ఖాతా"ను "అకౌంట్"గా మార్చమంటే "ఖాతాను" కాస్తా "అకౌంట్ను" అయి, టకారానికి నకారం వత్తుగా వచ్చి చదవడానికి వీల్లేకుండా పోతుంది. మధ్యలో పొల్లును విడిగా నిలిపే అక్షరం పెట్టాలి, లేదంటే "అకౌంటును" అని రాయాలి. ఒక్కోచోటా చూసి మార్చండి. 9,000 పదాల పనికి ఇది 40 నిమిషాలకు మించదు.

వేళ ఉన్నప్పుడే ముందుకు నెట్టండి. గడువులో సగం రోజులు గడిచేసరికి పని 60 శాతం అయిపోవాలి. కష్టమైన అధ్యాయం ముందు, సులువైనవి తర్వాత. ఆసుపత్రి వరండాలో కూర్చుని సులువైనదైతే చేయగలరు, నిబంధనలూ షరతులూ ఉన్న భాగం చేయలేరు.

5. కరెంటు, నెట్, కీబోర్డు

వైఫై రౌటర్లలో చాలావరకు 12 వోల్టులవి. వాటి కోసమే అమ్మే చిన్న యూపీఎస్ పెట్టుకుంటే రెండు మూడు గంటలు నెట్ నడుస్తుంది. ఇంట్లో 150 ఏహెచ్ బ్యాటరీ ఇన్వర్టర్ ఉంటే లాప్‌టాప్ 60 వాట్లు, రౌటర్ 10, ఫ్యాను 70 కలిపి 140 వాట్లకు, బ్యాటరీ మంచి స్థితిలో ఉంటే ఏడెనిమిది గంటలు వస్తుంది. అయితే మీ ఇంట్లో కరెంటున్నా వీధి చివర కేబుల్ ఆపరేటర్ పెట్టెకు కరెంటు లేకపోతే నెట్ రాదు. ఫోన్‌లో వేరే కంపెనీ సిమ్ ఒకటి రీఛార్జ్ చేసి ఉంచండి. టెక్స్ట్ పనికి రోజుకు 1 జీబీ సరిపోతుంది.

ఆన్‌లైన్‌లోనే నడిచే అనువాద టూల్స్ వాడుతుంటే ప్రతి రాత్రీ ద్విభాషా ఫైలును (ఇంగ్లీషు, తెలుగు పక్కపక్కన ఉండేదాన్ని) దించుకోండి. నెట్ పోయినా దానిలో పని సాగుతుంది. ఫైలు మూడు చోట్ల ఉండాలి: లాప్‌టాప్‌లో, క్లయింట్ ఒప్పుకున్న క్లౌడ్‌లో, పెన్‌డ్రైవ్‌లో.

లాప్‌టాప్ పాడైతే పక్కింటి అబ్బాయి కంప్యూటర్ దొరుకుతుంది, మీకు అలవాటైన కీబోర్డు లేఅవుట్ అందులో ఉండదు. తెలుగు డీటీపీలో వాడే యాపిల్ లేదా మాడ్యులర్ కీబోర్డు లేఅవుట్లకు అలవాటుపడ్డవాళ్లు దీనికి బాగా దెబ్బతింటారు. విండోస్‌లో ఇన్‌స్క్రిప్ట్ (భారతీయ భాషల ప్రామాణిక లేఅవుట్) ఎప్పుడూ ఉంటుంది. వేగం లేకపోయినా ఫర్వాలేదు, రోజుకు పావుగంట చొప్పున ఒక నెల సాధన చేసి పెట్టుకోండి. ఫోన్‌లో మాట్లాడి టైపు చేయించడం మామూలు గద్యానికి అక్కరకొస్తుంది. గోప్యంగా ఉంచాల్సిన పత్రాలను మాత్రం అలా చదవొద్దు. ఆ మాటలు ఎవరి సర్వర్‌కు వెళ్తాయో మీ చేతిలో ఉండదు.

కోస్తాలో ఉండేవారికి అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ప్రత్యేక జాగ్రత్త కావాలి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖపట్నాన్ని తాకినప్పుడు కరెంటు, ఫోన్లు రోజుల తరబడి లేవు. 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటింది. తుపానులే కాదు, వరదలూ ఉన్నాయి: 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు వాగు పొంగి విజయవాడలో కాలనీలే మునిగాయి. తుపానుకు ఒక మేలు ఉంది, చెప్పి వస్తుంది. వాతావరణ శాఖ 48 గంటల ముందే అలర్ట్ ఇస్తుంది. అలర్ట్ వచ్చిన రోజున చేయాల్సినవి నాలుగు. పూర్తయిన ముక్కలు వెంటనే డెలివరీ చేయడం, మిగతా ఫైళ్లు దించుకోవడం, అన్నీ ఛార్జ్ చేయడం, "రెండు మూడు రోజులు నేను దొరక్కపోవచ్చు" అని క్లయింటుకు రాయడం. తీరం దాటాక రాద్దామనుకుంటే రాయడానికి నెట్ ఉండదు.

6. మనుషులు

"ఇంట్లోనే ఉన్నావుగా, కాస్త బ్యాంకు దాకా వెళ్లిరా." ఈ మాట వినని ఫ్రీలాన్సర్ లేరు. ఆడవాళ్లకైతే వంట, పిల్లలు, వచ్చేపోయే చుట్టాలు అన్నీ ఈ ఒక్క మాటతోనే నెత్తిన పడతాయి, ఇది నిజంగా అన్యాయం. వాదన కంటే తేదీ బాగా పనిచేస్తుంది. వంటింటి క్యాలెండర్‌లో గడువు తేదీని ఎర్రటి పెన్నుతో గుండ్రంగా చుట్టండి, పక్కన వచ్చే మొత్తం రాయండి. "18న ఇవ్వాలి, 13,000 వస్తాయి, అప్పటిదాకా పొద్దున 5 నుంచి 7:30 వరకు, మధ్యాహ్నం 2 నుంచి 4:30 వరకు నన్ను పిలవొద్దు" అని అత్తగారికీ, భర్తకో భార్యకో, పిల్లలకూ ఒకేసారి చెప్పండి. రోజంతా పని అంటే ఎవరూ పాటించరు. ఐదు గంటలంటే పాటిస్తారు.

పనిలో మీకు అండగా ఇద్దరు సాటి అనువాదకులు కావాలి. ఒకరు సరిపోరు, సంక్రాంతికి వాళ్లూ ఊరెళ్తారు. అవాంతరం రాకముందే 500 పదాల చిన్న పని ఒకటి వాళ్లతో చేయించి చూడండి. "చేయండి" అని రాస్తారా, "చెయ్యండి" అని రాస్తారా, ఇంగ్లీషు మాటలను ఎంతవరకు ఉంచుతారు అన్నవి అప్పుడే తెలుస్తాయి. రేటు, డబ్బు ఎప్పుడిస్తారు అన్నవి ముందే మాట్లాడుకోండి. క్లయింట్ ఆలస్యంగా ఇచ్చినా మీరు సకాలంలో ఇస్తేనే రెండోసారి ఫోన్ ఎత్తుతారు.

ఒక్కటి మరవకండి. చాలా ఏజెన్సీల గోప్యతా ఒప్పందాల్లో పనిని వేరేవాళ్లకు ఇవ్వకూడదని ఉంటుంది. చెప్పకుండా పంచుకోవడం ఆలస్యం కంటే పెద్ద తప్పు. "అత్యవసరమైతే ఫలానా సాటి అనువాదకులతో పంచుకోవచ్చా, వాళ్లూ ఒప్పందం మీద సంతకం చేస్తారు" అని పని మొదట్లోనే అడగండి.

పంచుకునేటప్పుడు ఇవ్వాల్సినవి ఒకే ఫోల్డర్‌లో ఉండాలి: సోర్స్, ఇప్పటిదాకా అయిన తెలుగు, ట్రాన్స్‌లేషన్ మెమరీ (ఇదివరకటి అనువాదాలు వాక్యాలవారీగా దాచిన ఫైలు), గ్లాసరీ, స్టైల్ గైడ్ (ఎలా రాయాలో చెప్పే నియమాలు), సందేహాలూ జవాబుల పట్టిక. ఇవి లేకుండా ఫైలు మాత్రం పంపితే, వచ్చినదాన్ని సరిచేయడానికి మీరే చేసినంత సమయం పడుతుంది.

7. అవాంతరం వచ్చిన రోజు

మొదటి గంట ఇంటిదే. పిల్లవాణ్ని డాక్టర్‌కు చూపించండి, ఆసుపత్రిలో చేర్పించండి. రెండో గంటలో పది నిమిషాలు తీసుకుని మూడు అంకెలు రాయండి: ఎన్ని గంటల పని మిగిలింది, ఈ పరిస్థితి ఎన్ని రోజులుంటుంది, ఆ రోజుల్లో రోజుకు ఎన్ని గంటలు దొరుకుతాయి. ఆసుపత్రిలో అటెండెంటుగా ఉంటే రోజుకు గంటన్నరకు మించి వేసుకోవద్దు. మందులు తేవడం, పరీక్షల రిపోర్టులు, ఇన్సూరెన్స్ కౌంటర్, పరామర్శకు వచ్చేవాళ్లు, ఇవన్నీ కలిస్తే మిగిలేది అంతే.

మీరు పక్కన పెట్టుకున్న అదనపు రోజుల్లో సగం లోపే పోతుంటే క్లయింటుకు చెప్పాల్సిన పనిలేదు, అవి ఉన్నదే అందుకు. సగం దాటుతుందనిపిస్తే అదే రోజు చెప్పండి. గడువు తప్పుతుందని ఖాయమయ్యే దాకా ఆగకండి. ప్రాజెక్ట్ మేనేజర్ (పీఎం) చేతిలో మూడు రోజులుంటే ఇంకొకరిని చూసుకుంటారు, రివ్యూయర్‌ను జరుపుతారు, వాళ్ల క్లయింటుతో మాట్లాడతారు. మూడు గంటలుంటే ఏమీ చేయలేక మాట పడతారు. ఆ మాట పడింది మీ వల్లేనని గుర్తుపెట్టుకుంటారు.

సందేశంలో నాలుగే సంగతులు ఉండాలి. ఏది అయింది, ఏది మిగిలింది, కొత్త తేదీ, వాళ్లు ఎంచుకోవడానికి ఇంకో దారి. ఇలా రాయొచ్చు:

"నమస్తే మేడం. ఇంట్లో ఒకరిని ఆసుపత్రిలో చేర్చాం. 18న ఇవ్వాల్సిన మాన్యువల్‌లో 1 నుంచి 6 అధ్యాయాలు రివిజన్‌తో సహా పూర్తయ్యాయి, ఈ మెయిల్‌తోనే పంపుతున్నాను. 7, 8 అధ్యాయాలు, 2,500 పదాలు మిగిలాయి. అవి 22వ తేదీ ఉదయం 10 గంటలకు ఇవ్వగలను. 18 దాటకూడదంటే ఆ రెండు అధ్యాయాలూ వేరొకరికి ఇవ్వండి. గ్లాసరీ, సందేహాల పట్టిక కూడా జతచేశాను. ఏది వీలో ఈరోజు చెబితే అలాగే చేద్దాం."

జబ్బు వివరాలు, క్షమాపణల పేరాలు, ఆసుపత్రి ఫోటోలు అక్కర్లేదు. అవి పెట్టినంత మాత్రాన నమ్మకం పెరగదు, ఫోల్డర్‌లో ఆరు అధ్యాయాలు కనిపిస్తే పెరుగుతుంది. వాట్సాప్‌లో చెప్పినా మెయిల్ తప్పకుండా పెట్టండి. పీఎం సెలవులో ఉంటే వాట్సాప్ మాట ఎవరికీ అందదు.

తేదీ ఒక్కసారే అడగండి, నిలబెట్టుకోగలిగిందే అడగండి. సంకోచంతో "రేపు ఇస్తాను" అని, రేపు మళ్లీ "ఎల్లుండి" అనడం కంటే మొదటే నాలుగు రోజులు అడగడం మేలు. నాలుగు రోజులను క్లయింట్ సర్దుబాటు చేసుకుంటారు. రెండోసారి జరిగిన తేదీని ఎవరూ నమ్మరు.

అవతల రివ్యూయర్ ఉన్నారని తెలిస్తే మీ రివిజన్ లేకుండా సకాలంలో ఇచ్చే దారి కూడా ఉంది. అది చెప్పి చేయాలి, రేటు తగ్గించుకోవాలి. చెప్పకుండా చిత్తుప్రతి పంపితే రివ్యూయర్ మొదటి పేజీలోనే పట్టేస్తారు.

ఇంట్లో మరణం సంభవిస్తే లెక్కలన్నీ వేరు. పెద్దకర్మ అయ్యేదాకా పదకొండు నుంచి పదమూడు రోజులు పడుతుంది, ఆ తర్వాత కూడా వెంటనే మనసు పని మీద నిలవదు. "మూడో రోజు నుంచి చూస్తాను" అని మాట ఇవ్వకండి. పని వెనక్కి ఇచ్చేయండి, రెండు వారాలు అందుబాటులో ఉండనని రాయండి. ఆ మెయిల్ రాసే స్థితిలో మీరు లేకపోవచ్చు. లేదా ప్రమాదం మీకే జరగొచ్చు. అందుకే ఒక కాగితం ఇంట్లో ఒకరికి తెలిసిన చోట ఉండాలి: నడుస్తున్న పనుల పేర్లు, గడువులు, పీఎంల మెయిళ్లు, ఫోన్లు, ఫైళ్లున్న చోటు, పంపాల్సిన రెండు వాక్యాలు. కొత్త పని ఒప్పుకున్న ప్రతిసారీ ఆ కాగితాన్ని తిరగరాయండి, ఐదు నిమిషాల పని.

8. ఎంత తొందరలోనూ వదలకూడని తనిఖీ

రాత్రంతా మేలుకుని చేసిన అనువాదంలో తప్పులు ఎక్కడపడితే అక్కడ రావు, కొన్ని చోట్లే వస్తాయి. మొదటిది వ్యతిరేకార్థం. తెలుగులో "కాదు, లేదు, కూడదు" క్రియ చివర ఉంటాయి. అలసిన కన్ను "వాడవచ్చు", "వాడరాదు" తేడాను దాటేస్తుంది. మందుల కరపత్రంలో ఈ తప్పు ప్రాణాల మీదికి తెస్తుంది. రెండోది అంకెలు. మిలియన్ అంటే 10 లక్షలు, బిలియన్ అంటే 100 కోట్లు. దశాంశం ఉన్నచోట మరీ జాగ్రత్త: 2.5 మిలియన్లు 25 లక్షలు. మూడోది మధ్యలో ఎగిరిపోయిన వాక్యం. నాలుగోది పేర్లు, ఒకే ఊరి పేరు రెండు రకాలుగా రావడం.

ఐదువేల పదాల ఫైలుకు ఈ నాలుగింటి కోసం నలభై నిమిషాలు చాలు. సోర్స్‌లో "నాట్", "ఓన్లీ", "అన్‌లెస్", "ఎక్సెప్ట్" మాటలు వెతికి, ఒక్కోచోటా తెలుగు చూడండి. తర్వాత సోర్స్‌లోని అంకెలన్నీ పైనుంచి కిందికి సరిపోల్చండి. పేరాల సంఖ్య లెక్కపెట్టండి. టూల్‌లో ఉన్న క్యూఏ (నాణ్యత) తనిఖీ నడిపి, ట్యాగులు (ఫార్మాటింగ్ గుర్తులు) పోలేదని చూసుకోండి. చివరగా డెలివరీ ఫైలును మూసి, మళ్లీ తెరిచి, పేరు సరిగ్గా ఉందో లేదో చూసి పంపండి. పాత ఫైలు జతచేయడం అనేది తొందరలో పంపేవాళ్లు తరచూ చేసే పొరపాటు.

నిద్రపోయి లేచాక తనిఖీ చేసే అవకాశం మూడు గంటలైనా ఉంటే, పడుకోండి. ఆ మూడు గంటలు మేలుకుని రాసే 600 పదాలను మర్నాడు మళ్లీ రాయాల్సి వస్తుంది.

9. పని ఇచ్చేశాక

వెనకబడిన పనులను ఒకే వారంలో అందుకోవాలని చూడకండి. రోజుకు గంట మాత్రం కలపండి, మిగతా గడువులను ఆ లెక్కన సరిచూసుకోండి, అవసరమైతే రెండో క్లయింటుకూ ముందే రాయండి. సర్దుకున్న పీఎంకు రెండు వాక్యాల కృతజ్ఞత చెప్పండి. తర్వాత వాళ్లకు నిజంగా అర్జెంటు పని పడ్డప్పుడు వీలుంటే మామూలు రేటుకే చేసిపెట్టండి.

మీ గంటల లెక్క రాసే పుస్తకంలోనే చివరి పేజీల్లో అవాంతరాలు కూడా రాయండి: తేదీ, కారణం, ఎన్ని గంటలు పోయాయి, క్లయింటుకు ఎన్ని రోజుల ముందు చెప్పారు. ఆరు నెలలకోసారి తిరగేయండి. ఒకే కారణం మూడుసార్లు కనిపిస్తే, ఉదాహరణకు నెలనెలా నాన్నగారిని చెకప్‌కు తీసుకెళ్లడం, అది ఇక అవాంతరాల్లోకి రాదు. ఆ రోజును నెల మొదట్లోనే క్యాలెండర్‌లో కొట్టేసి, నెలకు ఒప్పుకునే గంటల్లోంచి ఐదు తీసేయండి.